‘మామూలే’ అన్న మాటతో నా పేచీ

1986 ఎండాకాలంలో మా అమ్మమ్మ మూడు గంటలపాటు చచ్చిపోయింది.

అప్పుడు మేం తెనాలిలో ఉండేవాళ్ళం. అమ్మమ్మా మావయ్యా వాళ్ళది రేపల్లె లైన్లో భట్టిప్రోలు దగ్గర చిన్న పల్లె. మావయ్య నెలకో ఇన్లాండు లెటరు రాసేవాడు. ఇన్లాండు అంటే ఏమిటో ఇప్పటి పిల్లలకి చెప్పాలి. నీలం రంగు కాగితం, అంచులకి జిగురు. కాగితమూ అదే, కవరూ అదే. లోపలి పేజీ నిండిపోయాక ఇంకేదైనా గుర్తొస్తే, లోపలికి మడిచే చిన్న మడత మీద ఇరికించి రాసేవాళ్ళు. మా మావయ్యకి అసలు సంగతులన్నీ ఆ మడత దగ్గరికి వచ్చాకే గుర్తొచ్చేవి. అందుకని ఆయన ఉత్తరాన్ని చీపురుపుల్ల పెట్టి, పాపాయికి చొక్కా విప్పినంత జాగ్రత్తగా విప్పాలి.

ఆ రోజు విప్పింది నేను. నాకు పదేళ్ళు. చీపురుపుల్ల కోసం లేవడానికి బద్ధకించి వేలు దూర్చి లాగేశాను.

అమ్మ పైకి చదవడం మొదలుపెట్టింది. గేదె ఈనింది, పెయ్యదూడ. మినుములు అమ్మేశాం, రేటు పర్లేదు. పక్కింటివాళ్ళ పనసచెట్టు ఈసారి మన గోడ ఇవతల కాసింది, వాళ్ళు గోడ అవతల నుంచి చూస్తున్నారు. ఇలా సాగి సాగి చివరికి మడత దగ్గరికొచ్చింది. ‘అన్నట్టు, మొన్న ఆదివారం అమ్మ’ అని ఉంది. అక్కడ చిరుగు. చిరుగు అవతల ‘పోయింది. ఏం చేస్తాం. మిగతా విషయాలు కలిసినప్పుడు’ అని ఉంది.

అమ్మ కూలబడిపోయింది. నాన్న ఉత్తరం తీసుకుని రెండుసార్లు చదివి, “పోతే టెలిగ్రాం ఇస్తాడు గానీ ఇన్లాండు మడత మీద రాస్తాడా?” అన్నారు. “మా అన్నయ్య సంగతి మీకు తెలీదు. మాటకింతని డబ్బు పోసి టెలిగ్రాం ఇచ్చే మనిషేనా?” అంది అమ్మ, ఏడుపు మధ్యలోనే. నాన్న దగ్గర దానికి జవాబు లేదు. మావయ్య సంగతి ఆయనకీ బాగానే తెలుసు. “మరి గేదె ఈనిన సంగతి పైన రాసి, అమ్మమ్మ సంగతి కింద రాస్తాడా?” అని మా అక్క లాయరు ప్రశ్న వేసింది. “గేదంటే అన్నయ్యకి ప్రాణమే” అని అమ్మ ఇంకా గట్టిగా ఏడ్చింది.

మధ్యాహ్నం రేపల్లె బండి ఎక్కాం. మా ఎదుటి సీటులో ముసలావిడ ఎవరు పోయారో కూడా అడక్కుండా అమ్మతో పాటు వేమూరు దాకా ఏడ్చి దిగిపోయింది. తీరా ఊరికి వెళ్ళేసరికి అమ్మమ్మ అరుగు మీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. మా అలికిడికి తలెత్తి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, కళ్ళు చికిలించి అడిగింది, “ఎవరర్రా అది?”

పోయింది ఆవిడ కళ్ళజోడు.

సంగతంతా విన్నాక అమ్మమ్మ నవ్వి నవ్వి చింతపండు చేట ఒలకబోసింది. “ఏడవడానికొచ్చారుగా, ముందు అన్నం తినండి, ఖాళీ కడుపుతో ఏం ఏడుస్తారు” అంది. మావయ్య మాత్రం ఆ పొద్దంతా “నేను కళ్ళజోడని స్పష్టంగా రాశాను” అని వచ్చినవాళ్ళకల్లా చెప్పుకుంటూ తిరిగాడు.

ఈ కథని మా ఇంట్లో నలభై ఏళ్ళుగా చెప్పుకుంటున్నాం. ఈమధ్య నన్ను వేరే ప్రశ్న పట్టుకుంది. డబ్బు దగ్గర అంత గట్టి మనిషి, మా మావయ్య, పనసచెట్టు గురించీ కళ్ళజోడు గురించీ రాయడానికి ఎందుకు కూర్చునేవాడు? ఆలోచిస్తే అర్థమైంది. పీనాసి కాబట్టే కూర్చునేవాడు. ఇన్లాండుకి డబ్బిచ్చాక అందులో రెండు లైన్లు రాసినా అదే ఖరీదు, నలభై లైన్లు రాసినా అదే ఖరీదు. ఖాళీగా పంపితే నష్టం. గేదె, మినుములు, ముఖ్యమైనవన్నీ అయిపోయాక కూడా ఇంకా చోటు మిగిలేది. ఆ మిగిలిన చోటులోకే పనసచెట్టు వచ్చింది. పదిహేను పైసల కార్డు మీద కూడా మనవాళ్ళు అడ్రసు పక్కదాకా, అంచుల వెంబడి నిలువుగా తిప్పి మరీ రాసింది అందుకే.

టెలిగ్రాం దీనికి తిరగబడ్డ యవ్వారం. మాట మాటకీ డబ్బు. అందుకే అందులో చావులూ, ‘సీరియస్, వెంటనే బయల్దేరి రండి’లూ తప్ప ఏవీ ఉండేవి కావు. పెళ్ళి శుభాకాంక్షలకి కూడా నంబర్లు ఉండేవి. మనం నంబరు చెబితే చాలు, వాక్యం వాళ్ళదే. తంతి మనిషి వీధిలోకి వస్తే ఎవరింటి ముందు ఆగుతాడోనని గుండెలు దడదడలాడేవి. 2013 జులైలో టెలిగ్రాం సర్వీసుని ఎత్తేశారు. ఆఖరి రోజు కొందరు సరదాకి క్యూ కట్టి మరీ ఇచ్చారట. మా అమ్మ ఆ వార్త విని “పీడా పోయింది” అంది.

ఇక ఫోను. మా తమ్ముడు 1999లో అమెరికా వెళ్ళాడు. అప్పట్లో అక్కడికి మాట్లాడాలంటే నిమిషానికి యాభై, అరవై రూపాయలు. పసుపు బోర్డు ఉన్న ఎస్టీడీ బూతులో అద్దాల గది, గోడకి మీటరు, అందులో పరిగెత్తే ఎర్ర అంకెలు. అమ్మ ముందురోజే చీటీ రాసుకునేది. నాకు ఒక చీటీ బాగా గుర్తుంది. వీసా, జలుబు, డబ్బు అందిందా, ఆవకాయ పగిలిందా, పెళ్ళిలో మైకు ముందు పిన్నివాళ్ళ కుక్క మొరగడం. బయల్దేరే ముందు నాన్న ఆ చీటీ తీసుకుని కుక్కని కొట్టేశారు. “దానికి అరవై రూపాయలా?” అన్నారు. నాన్న తప్పేమీ లేదు, ఆయన జీతానికి ఆ కుక్క నిజంగానే ఖరీదైంది. కానీ మా ఇంటి వార్తలకి సెన్సారు వచ్చింది ఆ రోజే. ఆరోగ్యం, డబ్బు, వీసా. ఇంకేం విశేషాలు? ఏమున్నాయి, మామూలే. ఉంటాను మరి.

నా పేచీ ఇదే. మీటరు పోయి చాలా ఏళ్ళయింది. 2016లో జియో వచ్చాక డేటాకి లెక్కే లేదు. వీడియోలో గంటసేపు ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకుంటూ కూర్చోవచ్చు. కానీ ఆ మీటరు భయం మాత్రం నాలుక మీద అలాగే ఉండిపోయింది. “ఏంటి విశేషాలు?” అంటే “మామూలే” అంటాం. మామూలే అన్నది నూటికి తొంభై సార్లు అబద్ధం. ఏ ఇంట్లోనూ ఏ రోజూ మామూలుగా గడవదు. పొద్దున లేచిన దగ్గర్నుంచి పాలు పొంగడం, చెప్పు తెగడం, పక్కింటావిడ మన చీర రేటు తెలివిగా కూపీ లాగడం, వీటిలో ఏదో ఒకటి జరగకుండా రోజు దాటదు. అవి చెప్పదగ్గవి కావని మనమే తీర్మానించుకున్నాం.

దీనికి తోడు ‘విశేషం’ అన్న మాట మనకి ఎప్పటినుంచో కలిసిరాలేదు. కొత్తగా పెళ్ళయిన పిల్లని “ఏమ్మా, విశేషమా?” అని అడిగి చూడండి. మా అక్క పెళ్ళయిన కొత్తలో ఆ మాట వినీ వినీ విసిగి, ఒకాయనకి “ఉందండీ విశేషం, మిక్సీ కాలిపోయింది” అని చెప్పింది. నాకు కూకట్‌పల్లిలో మా పక్క ఫ్లాటావిడ వాడే మాట ఇష్టం. వాళ్ళది జనగామ. సాయంత్రం గేటు దగ్గర కనబడితే “రా, జెరసేపు ముచ్చట పెడదాం” అంటుంది. మా వైపు ముచ్చట అంటే ఇష్టం, సరదా. వాళ్ళ వైపు ముచ్చట అంటే కబుర్లు. రెండూ ఒకటేనని ఆ భాషకి ముందే తెలుసు కాబోలు. ముచ్చటకి విశేషం అక్కర్లేదు. కూర్చుంటే చాలు, అదే పుడుతుంది.

మా ఇంట్లో కబుర్లకి ఒకప్పుడు టైమూ, పద్ధతీ ఉండేవి. రాత్రి భోజనాల దగ్గర నాన్న వార్తలు చదివేవారు. ఆయన కరెంటాఫీసులో గుమాస్తా అయినా మనసంతా రేడియో దగ్గరే. పొద్దున ఏడింటికి ఐదు నిమిషాల ముందు సంస్కృత వార్తలు వచ్చేవి. “ఇయం ఆకాశవాణీ. సంప్రతి వార్తాః శ్రూయన్తాం. ప్రవాచకః బలదేవానంద సాగరః.” తెలుగు ఇళ్ళలో ఆ తర్వాతి వార్తలు ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఈ మూడు వాక్యాలు నోటికి రాని పిల్లలు లేరు. అవి అవ్వగానే ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు, కందుకూరి సూర్యనారాయణ గారో, అద్దంకి మన్నార్ గారో. నాన్న రాత్రికి ఈ ముగ్గురినీ కలిపేవారు.

“ఇయం ఆకాశవాణీ, తెనాలి. సంప్రతి వార్తాః శ్రూయన్తాం. ముందుగా ముఖ్యాంశాలు. మన రెండో అమ్మాయి ఈ ఉదయం లెక్కల నోటుబుక్కు ఇంట్లో మర్చిపోయి బడికి వెళ్ళింది. ఈ చర్యను ప్రతిపక్షం తీవ్రంగా ఖండించింది.” ప్రతిపక్షం అంటే అమ్మ. “ఆవకాయ జాడీలో తడి చెయ్యి పెట్టిన దుండగుడి కోసం గాలింపు ముమ్మరంగా సాగుతోంది. కీలకమైన ఆధారాలు ఒకరి చొక్కా జేబు మీద లభ్యమయ్యాయి.” తమ్ముడు జేబు చూసుకునేవాడు. “వాతావరణం. రాగల ఇరవై నాలుగు గంటల్లో వంటింట్లో ఉరుములతో కూడిన జల్లులు పడే అవకాశం ఉంది.”

నవ్వుకోవడం ఒక్కటే కాదు, అందులో ఇంకో పని కూడా జరిగేది. ఆ వార్తల్లోకి ఎక్కడానికి మేం ముగ్గురం బడి నుంచి ఏదో ఒకటి పోగేసుకొచ్చేవాళ్ళం. నాన్న అన్నం కలుపుకుంటూ “విలేకరులు ఏం తెచ్చారు?” అని అడిగేవారు. చెప్పడానికి ఉంటుందని తెలిస్తే కళ్ళు చూస్తాయి. ఎవరూ అడగరని తెలిస్తే చూసినదీ గుర్తుండదు. నేను పెళ్ళయి హైదరాబాదు వచ్చాక మొదటి ఏడాది నాకేమీ జరగనట్టే అనిపించేది. జరక్క కాదు, అడిగేవాళ్ళు లేక.

అట్లాంటాలోని ఎమొరీ యూనివర్సిటీలో మార్షల్ డ్యూక్, రాబిన్ ఫైవుష్ అనే ఇద్దరు సైకాలజిస్టులు 2001లో కొన్ని కుటుంబాల భోజనాల దగ్గరి మాటలు రికార్డు చేశారు. పిల్లలకి ఇరవై ప్రశ్నలిచ్చారు. మీ అమ్మానాన్నలు ఎక్కడ కలుసుకున్నారో తెలుసా, ఇలాంటివి. ఇంటి కథలు ఎక్కువ తెలిసిన పిల్లల్లో తమ మీద తమకు నమ్మకం ఎక్కువ ఉందని వాళ్ళకి తేలింది. ఇది వినగానే కొందరు తల్లిదండ్రులు తాతముత్తాతల చరిత్ర ట్యూషన్లా చెప్పేయాలనుకుంటారు. డ్యూక్ గారే అన్నారు, ఆ జవాబులు బట్టీపట్టించినందువల్ల ఏమీ రాదని. కథ చేరడానికి రోజూ కూర్చుని మాట్లాడే అలవాటు ఉండాలి, అసలు సరుకు అదీ అని. నాకు ఆ మాట నచ్చింది. మా తమ్ముడి కూతురు టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో పుట్టి పెరిగింది. తొమ్మిదేళ్ళు. దానికి భట్టిప్రోలు ఎక్కడుందో తెలీదు, కళ్ళజోడు కథ మాత్రం అక్షరం పొల్లు పోకుండా తెలుసు. ఇంగ్లీషులో చెప్పబోయి, ‘పోయింది’ దగ్గర ఆగిపోయి, “అత్తా, ఇది తెలుగులో తప్ప కుదరదు” అంది. నిజమే. పన్ను పోయినా, పర్సు పోయినా, ప్రాణం పోయినా ఒకే క్రియతో సరిపెట్టే భాష కాబట్టి ఆ రోజు మాకు రైలు చార్జీలు ఖర్చయ్యాయి.

“అయితే వాట్సాప్ గ్రూపులున్నాయిగా, పొద్దస్తమానం కబుర్లేగా” అంటారు. మా పెద్ద గ్రూపులో నలభై మూడు మందిమి. అందులో తెల్లవారుజామున గులాబీలు పూస్తాయి. ఎనిమిదింటికి వేడినీళ్ళలో నిమ్మకాయ పిండమంటారు. మధ్యాహ్నం దేశం ప్రమాదంలో పడుతుంది, సాయంత్రానికి తేరుకుంటుంది. ఏడాదిలో ఆ గ్రూపులో ఒక్కరంటే ఒక్కరు కూడా “ఇవాళ ఉప్మా మాడింది” అని రాయలేదు. నలభై మూడు మంది ఉన్న హాల్లో లేచి నిలబడి ఉప్మా గురించి ఎవరు చెబుతారు? చిన్న వార్తకి చిన్న అరుగు కావాలి. పిన్ని చెప్పులు తారుమారైన సంగతికి నవ్వాలంటే, పిన్ని చెప్పుల విషయంలో ఎంత పట్టింపుగా ఉంటుందో తెలిసుండాలి. ఫార్వర్డుకి ఆ గొడవ లేదు. అది ఎవరిదీ కాదు కాబట్టి ఎవరికైనా పంపొచ్చు.

అందుకే అమ్మా, నాన్నా, అక్కా, తమ్ముడూ, నేనూ ఐదుగురమే ఉన్న చిన్న గ్రూపు ఒకటి పెట్టాను. పేరు ‘సంప్రతి వార్తాః’. నిబంధన ఒక్కటే, ఫార్వర్డులు నిషేధం. మొదటి రెండు నెలలు అందులో మాట్లాడింది అమ్మ ఒక్కతే. టైపు చెయ్యదు, వాయిస్ మెసేజి. అది కూడా ఉత్తరం ఫక్కీలో. “చిరంజీవి అబ్బాయిని అమ్మ ఆశీర్వదించి చెప్పునది ఏమనగా” అని మొదలుపెట్టి, “ఇట్లు, మీ అమ్మ” అని ముగిస్తుంది. మధ్యలో ఇల్లంతా వినబడుతుంది. ఒకసారి మెసేజి నడుమ కుక్కరు కూత వేసింది. వెంటనే అమ్మ, “ఒరేయ్, ఇది మూడో విజిలా నాలుగోదా?” అని ఎక్కడో ఫ్రిస్కోలో నిద్రపోతున్న కొడుకుని అడిగింది. పదిన్నర గంటల తేడా ఉన్న ఊళ్ళో వాడు పొద్దున లేచి విని, “నాలుగోదేమో అమ్మా, కట్టెయ్యి” అని జవాబిచ్చాడు. అప్పటికి ఇక్కడ పప్పు తినడం, గిన్నెలు తోమడం కూడా అయిపోయింది.

ఈ పిచ్చాపాటీ వల్ల ఒరిగేదేమిటని తమ్ముడు మొదట్లో అనేవాడు. పాపం వాడికి ఆఫీసు, పిల్ల హోంవర్కు, నిజంగానే ఊపిరి సలపదు. “అక్కా, ముఖ్యమైనదేదైనా ఉంటే చెప్పండి” అనేవాడు. ముఖ్యమైనది దేన్నంటారో ముందే ఎలా తెలుస్తుంది?

రెండేళ్ళ కిందటి సంగతి. ఒకరోజు అమ్మ వాయిస్ మెసేజి: మీ నాన్న పొద్దున్నే గుమ్మంలో నిలబడ్డ ఎల్‌ఐసీ ఏజెంటుని పాలవాడనుకుని గిన్నె చేతికిచ్చి ‘లీటరున్నర’ అన్నారు, ఆయన గిన్నె పట్టుకుని పది నిమిషాలు నిలబడ్డాడు. పడీ పడీ నవ్వాం. వారం తర్వాత ఇంకోటి: పెళ్ళికెళ్ళి, వీడియో తీసే కుర్రాడి మీద అక్షింతలు వేసి నూరేళ్ళు చల్లగా ఉండమని దీవించారు. మళ్ళీ నవ్వాం. ఇంకో పది రోజులకి: గోడ మీద నల్లటి కవరుని పిల్లి అనుకుని కర్ర పుచ్చుకుని తోలారు, అది కదలకపోతే ‘ఎంత పొగరు దీనికి’ అన్నారు. నేను నవ్వే బొమ్మలు పెడుతుంటే విశాఖ నుంచి అక్క ఫోన్ చేసింది. “ఒసేయ్, ఒక్క నిమిషం నవ్వు ఆపు. నెలలో ఇది మూడోది” అంది.

రెండు కళ్ళకీ శుక్లాలు. బాగా ముదిరిపోయాయి. అంతకుముందు నేను వారానికి మూడుసార్లు “నాన్నా, ఆరోగ్యం ఎలా ఉంది?” అని అడుగుతూనే ఉన్నాను. ఆయన “మామూలే” అంటూనే ఉన్నారు. పేపరు కూడా రోజూ ముందు పెట్టుకుని కూర్చునేవారట, హెడ్డింగులు తప్ప ఏమీ కనబడకపోయినా. ఆపరేషన్లు అయ్యాక కట్టు విప్పి ఇంటికొచ్చి, హాలంతా ఒకసారి కలయజూసి, “ఏంటే, ఇల్లంతా ఇంత దుమ్ముగా ఉంది?” అన్నారు. అమ్మ రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఇది కూడా వార్తల్లోకి వచ్చింది, వాయిస్ మెసేజి ఆరు నిమిషాలు.

నవ్వు గురించి ఒక మాట. రాబర్ట్ ప్రొవైన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త బజార్లలో, కాంటీన్లలో జనం మాటలు పొంచి వింటూ పన్నెండు వందల నవ్వులు రాయించుకున్నాడు. నవ్వుకి ముందు అన్న మాటల్లో జోకు అనదగ్గవి 20 శాతం కూడా లేవు. “సరే వెళ్ళొస్తా”, “వాడొచ్చాడు చూడు”, ఇలాంటి చప్పిడి మాటలకే జనం నవ్వారు. మనిషి ఒంటరిగా ఉన్నప్పటికంటే నలుగురిలో ముప్ఫై రెట్లు ఎక్కువ నవ్వుతాడని కూడా ఆయన లెక్క కట్టాడు. మా ఇంట్లో ‘కళ్ళజోడు’ అన్న మాట చాలు. ఏదైనా వస్తువు కనబడకపోతే “టెలిగ్రాం ఇద్దామా?” అంటాం. బయటివాళ్ళకి అందులో నవ్వడానికేముంది?

2000లో అమ్మమ్మ నిజంగా పోయింది. అప్పటికి మావయ్య ఊళ్ళో బూతు ఉంది. రాత్రి పొద్దుపోయాక ఫోను మోగింది. నేను అప్పుడు తెనాలిలోనే ఉన్నాను. అమ్మ ఎత్తింది. అవతల మావయ్య, “చెల్లీ, అమ్మ పోయిందే” అన్నాడు. అమ్మ నోటికి వచ్చేసింది, “ఏం పోయింది అన్నయ్యా?”

మావయ్య కాసేపు మాట్లాడలేదు. అవతల మీటరు తిరుగుతోంది, అయినా మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, “కళ్ళజోడు ఉంది చెల్లీ.”

అమ్మ నవ్వింది. ఆ నవ్వు ఎక్కడ ఏడుపైందో పక్కనే నిలబడ్డ నాకు తెలియలేదు.

ఇంత చెప్పాక ఇంకోటి దాచడం న్యాయం కాదు. ఇంటి నవ్వులన్నీ మంచివి కావు. మా మేనత్త కూతురు, నాకు మరదలు వరస, ఆమె పెళ్ళిచూపుల కథ ఒకటి మా వైపు చాలా పాపులర్. ప్రతి పెళ్ళిలో, ప్రతి గృహప్రవేశంలో ఎవరో ఒకరు ఎత్తుకునేవారు. ఎక్కువసార్లు ఎత్తుకుంది నేనే, నేను అభినయంతో చెబుతానని పేరు. ఇరవై ఏళ్ళు చెప్పాను. తను కూడా నవ్వుతూనే ఉండేది, అలా అనుకున్నాను. ఒకసారి అన్నవరం నుంచి వస్తూ కారులో నా పక్కన కూర్చుని మెల్లగా అంది, “ఆ కథ చెప్పినప్పుడల్లా మీరందరూ నవ్వుతారు. నేను మాత్రం మళ్ళీ ఆ గదిలోకెళ్ళి ఆ చాప మీద కూర్చోవాలి వదినా.” తర్వాత తుని దాటేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు.

అందుకే ఆ కథ ఇక్కడ రాయడం లేదు. అది చెప్పాలో వద్దో తనే తేల్చాలి. నాన్న వార్తలు గుర్తు తెచ్చుకుంటే ఇప్పుడు నాకు ఒకటి తోస్తుంది. ఆయన మా తప్పులు చదివేవారు గానీ, అదే రోజు రాత్రి తన తప్పు కూడా ఒకటి చదివేవారు. “ఆఫీసులో సూపరింటెండెంటు సంతకం చోట గుమాస్తా ఒకరు తన సంతకం పెట్టి, తనకు తానే సెలవు మంజూరు చేసుకున్న వైనం వెలుగులోకి వచ్చింది.” నేను మరదలి కథ చెప్పిన ఇన్నిసార్లలో నా సంగతి ఒక్కటి కూడా దానికి తోడుగా చెప్పలేదు.

తమ్ముడి గురించి చెప్పి ఆపుతాను. వాడు గ్రూపులో చేరినా అడిగినదానికి జవాబో, బొటనవేళ్ళో తప్ప తనంతట తాను ఏమీ పెట్టేవాడు కాదు. ఏమన్నా అంటే “ఇక్కడ ఏముంటాయక్కా, మామూలే” అనేవాడు. పోయిన నెలలో ఒక ఆదివారం పొద్దున ఏడున్నరకి వీడియో కాల్ వచ్చింది. వాళ్ళకి శనివారం రాత్రి తొమ్మిది. వాడి మొహం బదులు తెల్లటి కొండ కనబడింది. డిష్‌వాషర్ సబ్బు అయిపోతే, ఏదైతేనేం సబ్బేగా అని సింకు పక్కనుండే లిక్విడ్ పోసి ఆన్ చేశాడట. తలుపు సందుల్లోంచి నురగ వచ్చి వంటిల్లంతా పరుచుకుంది. అందులో మా మేనకోడలు గంతులు. తమ్ముడి భార్య వీడియోలో లేదు, గొంతు మాత్రం వినబడుతోంది. వాడు ఫోన్ చేసింది వార్త చెప్పడానికి కాదు, ఏం చెయ్యాలో తోచక.

“ఉప్పు చల్లరా” అంది అమ్మ. “డిష్‌వాషర్లోనా?” అన్నాడు. “నురగెక్కడుంటే అక్కడ. చల్లి చూడు.” ఉప్పు డబ్బా మొత్తం అయిపోయింది. నురగ నిజంగానే కుంగడం మొదలుపెట్టింది.

అంతలో నాన్న అమ్మ చేతిలోంచి ఫోను లాక్కుని, కళ్ళజోడు సర్దుకుని, గొంతు సవరించుకున్నారు.

“ఇయం ఆకాశవాణీ. ఫ్రిస్కో విలేకరి గారూ, నురగ మట్టం ఎంతకి చేరింది? మొదటి ప్రమాద హెచ్చరిక జారీ చేశారా?”

తమ్ముడు ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, చేతిలో ఖాళీ ఉప్పు డబ్బాతో నిలబడి ఉన్నాడు. ఒక్క క్షణం ఫోను వైపు చూశాడు.

“రెండోది కూడా జారీ చేశాం నాన్నా. గేట్లన్నీ ఎత్తేసి పెరట్లోకి వదులుతున్నాం.”